చర్మఖండములలో రక్తప్రసరణము: కొలతలపై ఒక విమర్శ

నుదుటి చర్మమును కోసి, కనుబొమల నడుమ సన్నని కాడను మాత్రము నిలిపి, క్రిందికి త్రిప్పి ముక్కుగా అమర్చు విద్య మన దేశమున చిరకాలముగ కలదు. మైసూరు యుద్ధమున బందియై ముక్కు కోల్పోయిన కవాస్జీ యను ఎడ్లబండివానికి పుణె ప్రాంతమున జరిగిన ఇట్టి చికిత్స 1794లో లండను పత్రికయైన జెంటిల్‌మన్స్ మాగజైన్‌లో వెలువడెను. ఇట్లు కాడతో తరలించు చర్మఖండమును నేటి వైద్యులు ఫ్లాప్ అందురు. కాడగుండ రక్తము అందినంతవరకే అది బ్రతుకును.

ఆ రక్తము చాలునో చాలదో ఎట్లు తెలియును? బహుకాలము పాఠ్యగ్రంథములు కొలబద్దనే నమ్మినవి. పొడవు, వెడల్పునకు ఇన్ని రెట్లు మించరాదని సూత్రము. మిల్టన్ అను శస్త్రవైద్యుడు పందులపై ప్రయోగములు చేసి, ఈ సూత్రము భ్రాంతియని 1970లో ప్రకటించెను. రక్తాధారము ఒకే తీరున నున్నచో, వెడల్పైన ఖండమును సన్నని ఖండమును ఒకే పొడవు వరకు బ్రతికినవి. జీవమునకు మూలము వెడల్పు కాదు, కాడలోని రక్తనాళము. పుణె చికిత్సకుడు విడిచిన కాడ సన్ననిదే. కాని కనుబొమల నడుమనుండి నుదుటికెక్కు ధమనుల మార్గమది.

కొలబద్ద పోయి యంత్రములు వచ్చినవి. లేజర్ డాప్లర్ చూపు అంకెను రక్తపరిమాణమని భ్రమించుట మరియొక పొరపాటు. అది సుమారు ఒక మిల్లీమీటరు లోతునే చూచును, మిల్లీలీటర్లను తెలుపదు. రోగి కదలినను, చలి సోకినను అంకె మారును. కావున ఒక్క అంకె కంటె గంటగంటకు దాని గతియు, ప్రక్కనున్న మంచి చర్మముతో పోలికయు ముఖ్యములు.

ఇంతకంటె మనకు దగ్గరి లోపమొకటి కలదు. గులాబిరంగు క్షేమమనియు, పాలిపోయినచో ధమనీదోషమనియు, నీలవర్ణము సిరాదోషమనియు గ్రంథములు బోధించును. ఇవి తెల్లని మేనును చూచి వ్రాసిన లక్షణములు. చామనచాయ మేనిపై ఈ భేదములు సులభముగ కానరావు. 1942 నుండి వాడుకలోనున్న ఫ్లోరెసీను రంగు కాంతి సైతము నల్లని చర్మమున మందగించును. అట్టిచో సూదిమొన పరీక్షయే మేలు: నల్లని రక్తము వడిగా వచ్చినచో సిర అడ్డగింపబడినది, రక్తమే రానిచో ధమని మూసుకొన్నది. ఆలస్యమైన కొలది ఖండము చచ్చును.

యంత్రము వలదనుట కాదు. ఏ కొలత ఎవరి మేనిపై పుట్టినదో విచారింపక మన మేనికి వర్తింపజేయుట శాస్త్రము కానేరదు.