కుండీ మొక్క: ఒక ఉపమానం గురించి

సరిహద్దు జిల్లాల తెలుగు కవిత్వంలో ఒక ఉపమానం చాలాకాలంగా చలామణిలో ఉంది. ఇక్కడి మన భాష కుండీలో మొక్క అన్నది ఆ ఉపమానం. దానికి నేల లేదు, ఎరువు లేదు, నీళ్ళు పోసే దిక్కు లేదు. ఎవరికోసమో ఎదురుచూస్తూ ఎండిపోతూ ఉంటుంది. ఈ తరహా కవితలు నేను పాతిక దాకా చదివి ఉంటాను. అందులో ఒకటి నేను రాసిందే. కనుక ఈ వ్యాసంలోని విమర్శ ముందుగా నాకే తగులుతుంది.

ఈ ఉపమానాన్ని మళ్ళీ తిరగేసి చూసేలా చేసింది ఏ విమర్శ గ్రంథమూ కాదు. బీదరులో మా ఇంటి వెనక, స్నానాలగది గోడవార, తుప్పు పట్టిన నూనె డబ్బాలో ఉన్న ఒక మొక్క. పన్నెండేళ్ళ కిందట పక్కింటి కన్నడ ఆవిడ ఒక ఆకు తుంచి తడికాగితంలో చుట్టి ఇచ్చింది. బ్రహ్మకమలమట, మట్టిలో గుచ్చితే చాలట. గుచ్చాం. తరవాత దాన్ని నేను మరిచిపోయాను. చూడటానికి మాత్రం ఏముంది? చదునుగా, అంచులు ఎవరో కొరికినట్టున్న ఆకులు, అడ్డదిడ్డంగా సాగిన కాడలు. ఇంటికి సున్నం వేయించిన రెండుసార్లూ దాన్ని తీసి పారేద్దామనే అనుకున్నాను.

నిరుడు శ్రావణంలో ఒక రాత్రి తొమ్మిది దాటాక మా ఆవిడ పెరట్లోంచి కేకేసింది. "ఏమండి, ఆ పుస్తకం పక్కన వెట్టి జర ఇటు రాండ్రి." వెళ్ళాను. కరెంటు లేదు. ఆకు అంచున ఉన్న నొక్కులోంచి ఒక కాడ కిందికి వేలాడి, కొస దగ్గర మళ్ళీ పైకి తిరిగి ఉంది. దాని చివర అరచేయంత తెల్లని పువ్వు. రేకులు మా కళ్ళముందే విచ్చుకుంటున్నాయి. వాసన పెరడంతా నిండింది. ఇద్దరం చాలాసేపు మాట్లాడకుండా మెట్ల మీద కూర్చున్నాం. తెల్లవారేసరికి పువ్వు వాడి మెడ వేలేసింది.

కవిత రాయడానికి ఇంతకంటె ఏం కావాలి? ఎవరూ పట్టించుకోని మొక్క, అయినా పూసింది అన్న ధోరణిలో ఆ రాత్రే పది పంక్తులు రాశాను. పొద్దున్నే మా ఆవిడకు వినిపించాను. ఆమె బియ్యం కడిగిన నీళ్ళ గిన్నెతో పెరట్లోకి పోతూ, "ఎవ్వరూ పట్టించుకోలేదా? మరి పన్నెండేండ్ల సంది ఈ నీళ్ళు ఎవరు పోస్తున్నరు?" అంది.

నా రాతల మీద ఇంత సూటి విమర్శ ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. మొక్కను నేను నిర్లక్ష్యం చేశాను. అది నా సంగతి, మొక్క సంగతి కాదు. నేను చూడలేదు కనుక ఎవరూ చూడలేదని రాశాను. కవితలో అబద్ధం అలా చేరింది. మన కుండీ మొక్క కవితలన్నిటిలోనూ ఉన్న లోపం ఇదేనని ఇప్పుడు నాకు తోస్తున్నది. వాటిలో మొక్క ఉంటుంది, ఎండ ఉంటుంది, కవి కన్నీళ్ళు ఉంటాయి. నీళ్ళు పోసే చెయ్యి మాత్రం ఉండదు.

ఇక్కడ మన పూర్వకవులను ఒకసారి తలచుకోవాలి. నంది తిమ్మన పారిజాతాపహరణంలో కథ ఒక్క పువ్వుతో మొదలవుతుంది. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు, సత్యభామ అలుగుతుంది. ఆ అలక పువ్వుతో తీరేది కాదు. కృష్ణుడు చెట్టునే పెకలించి తెచ్చి ఆమె పెరట్లో నాటవలసి వచ్చింది. ఒక లోకపు చెట్టు మరో లోకంలో నాటుకున్న కథ ఇది. అయినా తిమ్మన ఆ చెట్టు చేత ఊరు విడిచానని ఏడిపించలేదు. అతనికి కావలసింది చెట్టు కంటె సత్య మనస్సు. ఆ మనస్సును అంత దగ్గరగా చూశాడు కనుకనే కావ్యం నిలిచింది.

కరుణశ్రీ పుష్పవిలాపం ఘంటసాల గొంతులో వినని తెలుగువాడు ఉండడు. పూజకు కోయవచ్చిన మనిషిని పువ్వులు నిలదీస్తాయి. మనం సాధారణంగా ఆ దయనీయతకే కరిగిపోతాం. కాని ఆ పువ్వులు తమను పెంచిన తీగను తల్లిగా తలచుకుంటాయి, ఉన్న నాలుగు ఘడియలూ ఆ తల్లికి పేరు తేవాలనుకుంటాయి. ఈ సంగతి మనకు అంతగా గుర్తుండదు. విలాపం గుర్తుంచుకుని తల్లిని మరిచిపోయాం. ఆ తప్పు కవిది కాదు, వినేవాళ్ళది. మన కుండీ మొక్క కవితలు ఆ విలాపాన్నే వారసత్వంగా తీసుకున్నాయి.

ఇస్మాయిల్ 1972లో వచ్చిన తన సంపుటికి 'చెట్టు నా ఆదర్శం' అని పేరు పెట్టారు. పువ్వు అనలేదు, చెట్టు అన్నారు. ఏడాదిలో ఒక రాత్రి కనిపించే అందం కాదు, మిగిలిన రోజులన్నీ నిలబడి ఉండటం ఆదర్శం. ఈ పేరుకు అర్థం నాకు మా పెరట్లో తెలిసింది.

ఇక ఉపమానానికి వస్తాను. ఉపమానం చెప్పేవాడు వస్తువును తెలుసుకుని చెప్పాలి. నేను తెలుసుకోకుండా రాశాను. బ్రహ్మకమలమని మనం పిలిచే ఈ మొక్క కమలం కాదు, కాక్టస్ జాతిది. అసలు బ్రహ్మకమలం వేరే ఉంది, అది హిమాలయాల్లో పూస్తుంది. మన పెరళ్ళలోది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చింది. మనం ఆకులనుకునేవి నిజానికి చదునైన కాండాలు. అడవిలో ఇది పెద్ద చెట్ల కొమ్మల మీద బతుకుతుంది. ఆ చెట్టు రసం పీల్చదు, ఆసరా మాత్రం తీసుకుంటుంది. వేళ్ళకు కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుందని తోటపని తెలిసినవాళ్ళు అంటారు. ఒక ముక్క విరిచి గుచ్చితే ఇంకో ఇంట్లో బతుకుతుంది. అంటే కుండీ దీనికి జైలు కాదు. పరాయి కొమ్మ మీద బతకడం దీనికి అవమానమూ కాదు.

మన ఊరి చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. బసవన్న నడిచిన కల్యాణం ఈనాటి బసవకల్యాణం, మన జిల్లాలోదే. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు తెలుగులో బసవపురాణంగా రాశాడు. ఆ తెలుగు ద్విపదను ఆధారం చేసుకుని భీమకవి 1369లో కన్నడ బసవపురాణం రాశాడు. ఇక్కడి ముక్క అక్కడ నాటుకుంది, అక్కడి ముక్క మళ్ళీ ఇక్కడికి వచ్చింది. దీనిలో ఎవరు నేల, ఎవరు కుండీ?

మన బిద్రీ పనివాళ్ళను చూడండి. జింకులో కొంత రాగి కలిపి పోత పోస్తారు. వెండి పువ్వులు పొదుగుతారు. కోటమట్టిని నవాసారంతో కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఆ నలుపు లేకపోతే పువ్వు కనపడదు. మనం పువ్వును మెచ్చుకుని నలుపును మరిచిపోతాం.

ఒక అపార్థానికి తావివ్వకూడదు. నీళ్ళు పోసే చెయ్యి ఇంట్లో ఉందన్నంత మాత్రాన ప్రభుత్వాల బాధ్యత తీరిపోదు. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు పాత బీదరు జిల్లాలో జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదక్‌లో కలిశాయి, కొన్ని తాలూకాలు అప్పటి బొంబాయి రాష్ట్రానికి పోయాయి, మిగిలిన మనం మైసూరులో చేరాం. ఆ ఏడాదే రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించాలని అది చెబుతుంది. దాన్ని అడగవలసిందే. అయితే అడగడానికి అర్జీ ఉంది, సభ ఉంది. కవిత్వాన్ని అర్జీగా మారిస్తే రెండూ చెడతాయి.

మా మనవడు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతాడు. తెలుగు అక్షరాలు ఇంకా కుదరలేదు. కాని వాళ్ళ నానమ్మ దగ్గర నేర్చిన పొడుపుకథలు ముప్పై దాకా చెప్పగలడు. ఈ ముప్పై పొడుపుకథల మీద నేను ఇంతవరకు ఒక్క కవిత రాయలేదు. భాష పోతున్నదని మాత్రం చాలా రాశాను. ఇది నా తరం కవులందరం సమాధానం చెప్పుకోవలసిన విషయం.

కుండీ మొక్క ఉపమానాన్ని వదిలేయమని నేను అనను. దాన్ని సరిగా చూసి రాయమంటాను. డబ్బా తుప్పు, కడుగునీళ్ళ వాసన, ముక్క ఇచ్చిన పక్కింటి ఆవిడ, వీటిని కవితలోకి రానిస్తే చాలు. జాలి అడగనక్కరలేదు.

మొన్న ఆ పక్కింటి ఆవిడే వచ్చింది. తన మొక్క ఎప్పుడో చచ్చిపోయిందట. మా ఆవిడ ఒక ముక్క తుంచి, తడికాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ రోజు నేను రాసిన పది పంక్తులు మాత్రం చించేశాను.