వట్టివేళ్ళ చలువలో ఆర్కిడ్లు

మే నెలలో ఎర్రుపాలెంలో మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. కొత్తగూడెం, భద్రాచలం వైపు వెళ్తే 45 కూడా చూస్తాం. ఇలాంటి చోట చలికొండల్లో పుట్టిన ఆర్కిడ్‌ను బతికించాలనుకునేవాళ్ళు పగటి ఎండ గురించి బెంగపడతారు. బెంగ పడాల్సింది రాత్రి గురించి.

సిక్కిం, డార్జిలింగ్ కొండల సింబిడియానికీ, ఆండీస్ పర్వతాల మబ్బు అడవుల్లో పెరిగే మాస్డివాలియాకూ రాత్రిపూట పది పదిహేను డిగ్రీల చలి పుట్టినప్పటి నుంచి అలవాటు. మొక్క పగలు వెలుతురుతో తయారు చేసుకున్న తిండిని రాత్రీపగలూ శ్వాసకు ఖర్చు పెడుతూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. మన వేసవి రాత్రి 28 దగ్గరే ఆగిపోతే, పగటి సంపాదన తెల్లారేసరికి హరించుకుపోతుంది. అందుకే ఈ మొక్కలు ఒక్కరోజు ఎండకు మాడిపోవు. నెలల తరబడి చిక్కిపోయి, కొత్త వేరు వేయలేక, చివరికి పోతాయి.

రాత్రిని వేడిగా ఉంచేది చాలావరకు డాబా శ్లాబు. పగలంతా తాగిన ఎండను అర్ధరాత్రి దాకా ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. పెంకుటింటి వసారాలో పెట్టిన మొక్కకు ఈ బాధ తక్కువ. డాబా ఇల్లే ఉన్నవాళ్ళు మొక్కలకు ఖర్చు పెట్టేముందు ఇంటి పైకప్పుకు తెల్ల సున్నం వేయించాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. మనుషులకు మేలు చేసేదే ఇక్కడ మొక్కకూ మేలు చేస్తుంది.

ఆర్కిడ్‌కు వేడి తగ్గించాలన్న పాఠాన్ని ఇంగ్లండ్‌వాళ్ళు ఎదురు దిక్కు నుంచి నేర్చుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, వేడిదేశాల నుంచి వచ్చిన మొక్కలన్నిటికీ ఉడుకే కావాలనుకుని, గాలి ఆడని గాజు ఇళ్ళలో ఆవిరి పట్టించి ఆర్కిడ్లను గుట్టలుగా చంపుకున్నారు. 1830ల్లో చాట్స్‌వర్త్ తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ వేడి తగ్గించి, గాలి ఆడనిచ్చి పెంచి చూపించాడు. 1864 నాటికి జేమ్స్ బేట్‌మన్ చల్లని ఆర్కిడ్ల పెంపకం మీదే ఒక పుస్తకం రాశాడు. వాళ్ళకు బొగ్గుపొయ్యి మంట తగ్గిస్తే సరిపోయింది. మనకు సూర్యుణ్ణి తగ్గించే వీలు లేదు, కానీ నీళ్ళతో చలువ పుట్టించడం మన ఇళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు.

ఆకుతోటను చూడండి. తేమ అడవుల తీగ అయిన తమలపాకును కోస్తా ఎండల్లో పెంచుతున్నారంటే అది రైతు చేతి నేర్పు. ముందు అవిసె నాటి నీడ పెంచుతాడు, తీగను ఆ చెట్లకే పాకిస్తాడు, నేలను ఎప్పుడూ తడిగా ఉంచుతాడు. లోపలికి అడుగుపెడితే ఒంటికి తెలిసే చలువ అది. ఉత్తరపు వసారాలో ఆర్కిడ్ల మూలకు ఇదే పద్ధతి పనికొస్తుంది. పైన షేడ్‌నెట్ కానీ తాటాకు పందిరి కానీ వేసి, కింద ఇసుక పరిచి తడపాలి. పడమటి వైపు వట్టివేళ్ళ తడిక కట్టి, మధ్యాహ్నం నుంచి నీళ్ళు చల్లుతూ ఉండాలి. సాయంత్రం గచ్చు మీద కళ్ళాపి చల్లినట్టు నీళ్ళు చల్లితే, అది తాగిన వేడి రాత్రి మొక్కలకు తగలకముందే చాలావరకు పోతుంది.

ఈ చలువకు ఒక హద్దుంది. గాలి 42 డిగ్రీల వేడితో, తేమ 20 శాతంతో ఉంటే, నీటి ఆవిరి ఆ గాలిని దాదాపు 24 దాకా దించగలదు. మంచి కూలర్ 28 దగ్గరకు తెస్తుంది. జూలైలో గాలి 32 డిగ్రీలుండి తేమ 80 శాతానికి చేరితే, అదే కూలర్ మహా అయితే మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. అంటే మన తడికలూ కూలర్లూ వడగాలి రోజుల్లో గొప్పగా పనిచేసి, వానలు పడ్డాక చేతులెత్తేస్తాయి. అప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. రాత్రంతా సన్నగా తిరగనివ్వాలి. ఆకుల మధ్య, మొవ్వులో నీళ్ళు నిలిస్తే కుళ్ళు పట్టేది కూడా ఈ ఉక్కపోతలోనే.

కుండీ మట్టిదే అయి ఉండాలి, దానికి రంగు వేయకూడదు. చలివేంద్రం కుండలో నీళ్ళు చల్లబడినట్టే దాని గోడ చెమర్చి వేళ్ళను చల్లబరుస్తుంది. దాన్ని ఇంకాస్త పెద్ద మట్టికుండీలో దించి, మధ్య సందులో తడి ఇసుక నింపితే ఇంకా మేలు. రెండు కుండీల అడుగునా చిల్లు ఉండి తీరాలి. మేలో ట్యాంకు నీళ్ళు కాలిపోతుంటాయి, వాటిని నేరుగా పోయకండి. ముందురోజు రాత్రే కుండలో పట్టిపెట్టి తెల్లవారుజామున పోయండి. ఉప్పు తేలే బోరు నీళ్ళకు వేళ్ళ కొనలు మాడతాయి, వాననీళ్ళు దాచుకోగలిగితే అంతకు మించింది లేదు.

ఇంత చేసినా మాస్డివాలియాను ఎర్రుపాలెంలో ఏసీ లేకుండా పెంచలేరు. కొననే వద్దని నా సలహా. పెద్ద పూల సింబిడియం ఆకులతో పచ్చగా ఉండొచ్చు కానీ, మొగ్గ తొడగడానికి దానికి కావలసిన చల్లని రాత్రులు మన శరత్తులో దొరకవు. దాని బంధువులు సింబిడియం ఎన్సిఫోలియం, మన తూర్పు కనుమల్లోనే ఉండే సింబిడియం అలోయిఫోలియం మాత్రం వేడికి ఓర్చుకుంటాయి. నర్సరీల్లో ఎక్కువగా అమ్మే ఫెలనాప్సిస్‌కు చలి అంతగా అక్కర్లేదు. 28 డిగ్రీలు దాటినన్నాళ్ళూ పూకాడ వేయకుండా ఆగుతుంది, డిసెంబరు చల్లదనానికి వేస్తుంది. అప్పుడు దాన్ని కిటికీ దగ్గర నుంచి కదపకండి.

పైన చెప్పినవేవీ అక్కర్లేని ఆర్కిడ్ ఒకటి మన మామిడితోపుల్లోనే ఉంది. జనం బదనిక అని తీసిపారేసే వాండా టెస్సెల్లేటా అది. చెట్టు రసం పీల్చదు, కొమ్మను ఊతంగా మాత్రమే వాడుకుంటుంది. గళ్ళ గళ్ళ రేకులు, ఊదారంగు పెదవి, మంచి వాసన. సామర్లకోటలో తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. అడవి నుంచి మాత్రం పీకి తేవద్దు. మీ తోటలో గాలివానకు విరిగిపడిన కొమ్మ మీద దొరికితే, వేళ్ళు చెదరకుండా బెరడుతో సహా కోసి, వేపచెట్టుకు తూర్పు వైపున కొబ్బరితాడుతో కట్టండి. వానాకాలం మొదట్లో కడితే చలికాలానికల్లా కొత్త వేళ్ళు బెరడును పట్టుకుంటాయి, తాడు విప్పేయొచ్చు.