పండగ వెళ్ళాక కొన్న రంగులు

రంగు కాగితాలు పండగ ముందు కొనకూడదు, పండగ వెళ్ళాక కొనాలి. సంక్రాంతి దాటిన ఈ వారం దానికి మంచి అదను. హైదరాబాదులో గుల్జార్ హౌజ్, ధూల్‌పేట వైపు పతంగుల దుకాణాల్లో మిగిలిపోయిన సరుకును కట్టలకు కట్టలు తగ్గించి ఇచ్చేస్తుంటారు. క్రిస్మస్‌కి గుమ్మాల ముందు వేలాడదీసే కాగితపు నక్షత్రాలు అటకెక్కే ముందు బేరానికి దిగివస్తాయి. కొత్త ఏడాది వచ్చి రెండు వారాలైంది కాబట్టి క్యాలెండర్లనూ డైరీలనూ అడిగేవాళ్ళుండరు. రిపబ్లిక్ డే ముందుంది గనక కాషాయం, ఆకుపచ్చ కాగితాలు మాత్రం ఇప్పుడు తగ్గవు. వాటిని ఆగస్టు 16నే కొని దాచుకోవాలి.

తగ్గింపు అనగానే ఎంత తగ్గించారని చూడటం అందరికీ అలవాటు. కాగితం దగ్గర నేను ఎందుకు తగ్గించారని అడుగుతాను. ఎండకు అంచు వెలిసిందా, వానాకాలం తేమ పట్టి వంగిందా, కటింగ్ మిషను దగ్గర కొలతకు చాలక మిగిలిందా, మీద అచ్చయిన తేదీకి కాలం చెల్లిందా? ఈ నాలుగూ నాలుగు రకాల సరుకు. ఒక పనికి లోపమైనది ఇంకో పనికి లోపమే కాదు. ఏం చేయాలో ముందే తేల్చుకుని బజారుకెళ్తే ఇలాంటి సరుకులో మనకు కావలసింది ఒక్కటీ కనపడదు. దొరికినదాన్ని చేతిలోకి తీసుకుని, వంచి, వెలుతురుకు పెట్టి చూసి, ఆ తర్వాత ఏం చేయాలో ఆలోచిస్తే సంచీ నిండిపోతుంది. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం నిలవడానికి కారణం అదే. కాగితం ఏమవుతానంటుందో ముందు అది చెప్పాలి, తర్వాతే కత్తెర.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక కాగితాల కొట్లో వెలిసిన కట్ట చూపించి అడిగితే, కొట్టు ఆయన "అది వద్దమ్మా, అంచు పోయింది. లోపల మంచిదుంది, తీసిస్తానుండు" అన్నాడు. "ఆ పోయిన అంచు కోసమే అడుగుతున్నాను బాబాయ్" అన్నాను. ఆయన కట్ట తిరగేసి మరోసారి చూసుకుని గానీ ఇవ్వలేదు. వీధి వైపు అద్దం వెనక నెలల తరబడి ఉండిపోయిన గులాబిరంగు కాగితం అది. అంచు రెండు వేళ్ళ మేర తెల్లబారింది, లోపలికి పోయేకొద్దీ రంగు చిక్కబడింది. ఆ అంచుతో సహా పొడుగాటి పట్టీ కోసి, సన్నగా అటూ ఇటూ మడతలు వేసి, రెండు కొసలూ అతికి, లోపలి అంచును దారంతో గుచ్చి దగ్గరికి లాగి, అరచేత్తో నొక్కి పరిస్తే గుండ్రటి పువ్వు వస్తుంది. చిక్కటి రంగు నడిమికి చేరుతుంది, వెలిసినది రేకుల కొసలకు వస్తుంది. కొత్త కాగితంలో ఆ రంగు దిగుడు ఎంత డబ్బు పెట్టినా రాదు.

ఈ పువ్వుకు చిన్న లెక్క ఉంది. పట్టీ వెడల్పే పువ్వుకు వ్యాసార్ధం. వలయం చుట్టుకొలత వ్యాసార్ధానికి ఆరు రెట్లకు కాస్త పైన ఉంటుంది కాబట్టి, 2 అంగుళాల పట్టీకి 12 అంగుళాల పొడవుంటే పువ్వు ఎప్పటికీ మూసుకోదు. 20 అంగుళాలుంటే మూసుకోవడమే కాదు, మడతలు పైకి లేచి నిలబడతాయి. స్కూళ్ళలో వాడే చార్టు సాధారణంగా 22×28 అంగుళాలుంటుంది. దాన్ని 4 అంగుళాల చదరాలుగా కోస్తే 35 వస్తాయి, పక్కన 2 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు పట్టీ ఒకటి మిగులుతుంది. తరగతి గది గోడల కోసం సొంత డబ్బుతో చార్టులు కొనుక్కునే టీచర్లు ఎంతోమంది. వాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. ఆ మిగిలిన పట్టీ సరిగ్గా ఒక పువ్వు.

అయితే మడత శుభ్రంగా పడాలంటే కాగితం వాలు తెలియాలి. బట్టకు పడుగు ఉన్నట్టే కాగితానికీ ఒక దిక్కు ఉంటుంది. రాజమండ్రిలోనైనా కాగజ్‌నగర్‌లోనైనా మిల్లులో నీళ్ళతో కలిసిన గుజ్జు కదిలే జాలీ మీద పారేటప్పుడు, అందులోని పీచు ఎక్కువగా యంత్రం నడిచే దిక్కుకే పరుచుకుంటుంది. న్యూస్‌పేపర్‌ను పైనుంచి కిందికి చించితే గీత గీసినట్టు తెగుతుంది, అడ్డంగా చించితే వంకరటింకరగా పోతుంది. కారణం ఇదే. షీటును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూస్తే ఒక వైపు తేలిగ్గా లొంగుతుంది. ఆ వైపు మడత నున్నగా వస్తుంది. రెండో వైపు మడిస్తే అంచు పగిలి తెల్ల గీతలు తేలతాయి, ముఖ్యంగా దళసరి కార్డులో. వంచి చూడటానికి వీల్లేనంత చిన్న ముక్కయితే ఒక పక్క తడి చేయాలి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుంటే పీచు అటు. తేమకు వంగిందని తగ్గించి ఇచ్చే కాగితం ఈ పని ముందే చేసి పెట్టినట్టు. దాన్ని ఇస్త్రీ చేసి సరిచేయాలని తంటాలు పడకుండా, వంగిన వైపే చుట్టి గొలుసులకూ లాంతర్లకూ వాడుకోవాలి.

కొలతకు చాలక మిగిలిన ముక్కలంటే నాకు అన్నిటికంటే మక్కువ. హైదరాబాదు ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డులు అచ్చువేసే ప్రెస్సులు వరసగా ఉంటాయి. కార్డు కొలతకు కోశాక మిగిలేవి సన్నటి పట్టీలు, మూలలు, సగం సగం ముక్కలు. మంచి కాగితమే, పైగా ఒక్కోసారి బంగారు మెరుపుది కూడా, తూకం మీద పోతుంది. ఒక్క అంచూ తిన్నగా లేని ముక్కను ఏం చేసుకోవాలని అడిగేవాళ్ళకు నేను ఒక పాత పుస్తకం పేరు చెబుతాను. 1893లో మద్రాసులో తండలం సుందరరావు ఇంగ్లీషులో అచ్చువేయించిన 'జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్' అది. జర్మనీలో ఫ్రోబెల్ మొదలుపెట్టిన కిండర్‌గార్టెన్ పద్ధతిలో పిల్లలకిచ్చే రంగు కాగితపు చదరాలను చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. జర్మన్ గణితవేత్త ఫీలిక్స్ క్లైన్ తన పుస్తకంలో దాన్ని ప్రస్తావించాడు. 1901లో షికాగోలో మళ్ళీ అచ్చయింది. ఇంత పేరొచ్చిన పుస్తకంలో, మధ్యరకం మందం ఉంటే ఏ కాగితమైనా సరిపోతుందని ఆయన ముందుమాటలోనే చెప్పేశాడు. రంగుదైతే మడత గీత బాగా కనిపిస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, అంతే తేడా.

ఆ పుస్తకం మొదలయ్యేదే అంచులు సరిగా లేని కాగితం నుంచి చదరం తీయడంతో. ముక్కను ఎలాగైనా సరే ఒకసారి మడిచి నొక్కితే ఆ గీత తిన్నగానే ఉంటుంది. ఆ గీత తన మీద తానే పడేట్టు మళ్ళీ మడిస్తే రెండో గీత మొదటిదానికి నిటారుగా వస్తుంది. అలాగే ఇంకో రెండు మడతలు వేసి అంచులు కోసేస్తే దీర్ఘచతురస్రం. పొట్టి భుజాన్ని పొడుగు భుజం మీదికి ఒక మూల నుంచి ఐమూలగా మడిచి, పైన మిగిలింది తీసేస్తే చదరం. స్కేలు లేదు, పెన్సిలు లేదు. పిల్లల చేత ఇది చేయించినప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం చూసి తీరాలి. లంబకోణం వాళ్ళకు పుస్తకంలో గీసిన బొమ్మగానే తెలుసు. దాన్ని వాళ్ళ బొటనవేళ్ళే పుట్టించగలవని అప్పటిదాకా తెలియదు. ఖరీదైన కాగితమిస్తే పాడవుతుందని పిల్లలు వెనకాడతారు, పెద్దలు పక్కనే కాపలా ఉంటారు. తూకానికి కొన్న ముక్కల కుప్ప ముందు కూర్చోబెడితే ఆ భయం ఇద్దరికీ ఉండదు. చెయ్యి తిరగడానికి కావలసింది ఆ కుప్పే.

మరీ సన్నటి పట్టీలూ పారేయక్కర్లేదు. సెంటీమీటరు వెడల్పు, పాతిక సెంటీమీటర్ల పొడవు పట్టీకి ఒక మామూలు ముడి వేసి మెల్లగా బిగించి చదును చేస్తే సమానమైన అయిదు భుజాల ఆకారం వస్తుంది. మిగిలిన తోకను దాని చుట్టూ తిప్పి, కొస లోపలికి దోపి, అయిదు భుజాలనూ గోటితో లోపలికి నొక్కితే ఉబ్బెత్తు నక్షత్రం తేలుతుంది. దారానికి గుచ్చితే కిటికీ తెర.

ఆఫీసుల్లో ఒక పక్క అచ్చయి రెండో పక్క తెల్లగా ఉండిపోయే కాగితాల గురించి కూడా చెప్పాలి. మామూలు ఏ4 కాగితం చదరపు మీటరుకు 80 గ్రాములుండే రకమైతే ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది. అంటే పాతపేపర్ల కొట్లో కిలోకి 200 కాగితాలు. సగానికి మడిచినా పొడవు వెడల్పుల నిష్పత్తి మారకపోవడం ఈ సైజు గొప్ప. పెద్ద కాగితంతో నేర్చుకున్న పెట్టెను సగం కాగితంతో, పావు కాగితంతో అలాగే చేసి ఒకదాన్లో ఒకటి పెట్టవచ్చు. పెళ్ళికార్డుల సంగతి వేరు. పసుపు రాసిన మూల, దేవుడి బొమ్మ ఉన్నందుకు ఎవరూ చెత్తలో వేయలేరు, అలాగని ఎన్నాళ్ళు దాచుకుంటారు? బొమ్మను జాగ్రత్తగా కోసి పక్కన పెట్టి, మిగతా అట్టతో కానుకల డబ్బాలు, పిల్లల పుస్తకాలకు గుర్తులు చేసుకోవచ్చు. అటువంటి అట్ట విడిగా కొనాలంటే బాగానే ఖర్చవుతుంది.

ఇక జిగురు. మా ఊరి రామాలయంలో శ్రీరామనవమికి కొబ్బరాకుల పందిరి వేశాక, అరుగు స్తంభాల మధ్య పురికొస సాగదీసి కట్టేవాళ్ళు. రంగు కాగితాలు ఎనిమిది పొరలుగా మడిచి జెండాలు కోసే పని పెద్దవాళ్ళది, అతికించే పని మాది. గిన్నెలో మైదా జిగురు ఉండేది. మైదాను ముందు చన్నీళ్ళలో ఉండకట్టకుండా కలిపి, తర్వాత దానికి అయిదారింతల నీళ్ళు పోసి, సన్నటి సెగ మీద కలుపుతూనే ఉండాలి. తెల్లగా ఉన్నది గాజులా నిగారించినప్పుడు దించేయాలి. ఆరాక చిక్కబడుతుంది. పురుగు పట్టకుండా కొందరు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. గోడ పోస్టర్లకూ పుస్తకాల అట్టలకూ అది మంచిదే గానీ విషం. పిల్లలు వేళ్ళతో పూసే జిగురులో వేయకూడదు. రెండు రోజుల పందిరికి దాని అవసరమూ లేదు. వేడి జిగురు తుపాకులూ టేపులూ ఎన్నొచ్చినా పలచటి కాగితానికి మైదా జిగురే నాకు నచ్చుతుంది. ఆరాక కాగితాన్ని బిర్రుగా లాగిపెడుతుంది. తర్వాత తడిపితే విడిపోతుంది, పురికొస మళ్ళీ పురికొసగా మిగులుతుంది.

ఆ పందిళ్ళలోకి తర్వాత ప్లాస్టిక్ జెండాల తోరణాలు వచ్చాయి, వేదికల మీదికి థర్మోకోల్ అక్షరాలు వచ్చాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో ప్లాస్టిక్ జెండాలూ అలంకరణ థర్మోకోలూ ఉన్నాయి. అయినా కాలవల్లో ఇంకా కనపడుతూనే ఉన్నాయి. నిషేధం వచ్చి ఖాళీ అయిన చోటును కాగితం మళ్ళీ నింపాలి, నింపగలదు కూడా. వచ్చే వారం స్కూళ్ళలో త్రివర్ణ పతాకాలు కట్టేవాళ్ళకు ఒక మనవి. జెండా నియమావళి ప్రకారం కాగితపు జాతీయ పతాకాన్ని వాడాక నేల మీద పడేయకూడదు, ఎవరూ చూడని చోట గౌరవంగా తీసేయాలి. తోరణం దించే మనిషిని కట్టేరోజే అనుకుని పెట్టుకోండి.

నవమి పందిరికి మాత్రం ఈసారి పతంగి కాగితం ప్రయత్నించి చూడండి. ఇప్పుడే చవక. పలచన కాబట్టి ఏ మాత్రం గాలి వీచినా కదులుతుంది, ఎండ పడితే రంగు అరుగు మీదికి దిగుతుంది. పసుపు మీద నీలం వేసి అతికితే వెలుతురులో ఆకుపచ్చ కనిపిస్తుంది. 20×30 అంగుళాల షీటు దొరికితే 5 అంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల పొడవు జెండాలు 16 వస్తాయి. పై అంచు అర అంగుళం పురికొస మీదికి మడిచి అతికి, జెండాకూ జెండాకూ మధ్య అంగుళం వదిలితే షీటుకు 8 అడుగుల తోరణం. 20 షీట్లుంటే 160 అడుగులు, చిన్న గుడి పందిరికి చాలు. మడతలు పడకుండా గొట్టంలా చుట్టి, ఎండ తగలని చోట దాచండి. పురికొస మాత్రం పాతది వాడకండి. నానిన జిగురు బరువుకు నడిమికి తెగుతుంది.