మైనం మీద నిలిచిన మెట్లు

నూజివీడు పేరెత్తితే మామిడి ప్రియులకు చిన్నరసాలు గుర్తొస్తాయి, చరిత్ర తెలిసినవాళ్లకు మేకా వారి జమీ గుర్తొస్తుంది. 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారిన ఈ ఊళ్లో నన్ను ఆపేది మాత్రం వీణ. తెలుగునాట వీణల తయారీకి బొబ్బిలితో పాటు చెప్పుకునే ఊరు ఇదే.

చుట్టూ మామిడి తోటలే అయినా వీణకు కావలసింది పనస కొయ్య. అది తేలిగ్గా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, నాదాన్ని బాగా పలికిస్తుంది. బాగా ఆరిన దుంగను కుండగా తొలచడం మొదటి పరీక్ష. గోడ మందంగా మిగిలితే నాదం లోపలే అణగిపోతుంది, మరీ పలచనైతే కొయ్య పగులుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పే కొలబద్ద ఏదీ లేదు. వేలితో తట్టి వినాలి, మళ్లీ ఉలి పట్టాలి. కుండ మీద పలక, దండి, చివర యాళి ముఖం, దాని దగ్గర బుర్ర, బిరడాలు ఆ తరవాత వస్తాయి. చూసేవాళ్లు యాళి చెక్కడం దగ్గరే ఆగిపోతారు. అది అందమైన పనే, కానీ వీణ ప్రాణం అక్కడ లేదు.

ప్రాణం మెట్లు కట్టడంలో ఉంది. దండి పొడవునా నల్లని మైనంతో రెండు గట్లు పోస్తారు. వాటి మీద 24 లోహపు మెట్లు కూర్చుంటాయి, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. కుండ మీద తీగలు ఆనే గుర్రం వైపు వెళ్లేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గుతూ పోతుంది. ఆ ఎడాన్ని లెక్క కట్టి గీయవచ్చు కదా అనిపిస్తుంది. లెక్క దారి చూపుతుందే గానీ గమ్యం చేర్చదు. మెట్టు మీద వేలు నొక్కగానే తీగ కాస్త సాగుతుంది, స్వరం పైకి జరుగుతుంది. ఎంత జరుగుతుందనేది తీగ లావును బట్టి, మెట్టు ఎత్తును బట్టి మారుతుంది. పైగా సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు తీగలూ ఒకే మెట్టు మీద పలకాలి. ఒక తీగకు సరిగ్గా కుదిరిన చోటు లావుపాటి మరో తీగకు వెంట్రుకవాసి తప్పవచ్చు. అప్పుడు మెట్టును ఇసుమంత వాల్చి, నాలుగింటినీ ఒప్పించాలి. మైనం మెత్తగా ఉన్నంతసేపే ఈ సవరణకు గడువు. చేయి, చెవి ఒకేసారి నిర్ణయానికి రావాలి. ఇంత ఓర్పు కోరే పని వాద్యాల తయారీలో నాకు మరోటి కనిపించలేదు.

ఎత్తు సంగతి వేరే ఉంది. పక్క మెట్టు రవ్వంత ఎక్కువ లేచినా తీగ దానికి తగిలి గరగరమంటుంది. గమకం కోసం తీగను పక్కకు లాగినప్పుడు మెట్టు కదలకూడదు.

ఇంత చేసినా మైనం శాశ్వతం కాదు. ఎండలకు మెత్తబడుతుంది, ఏళ్లు గడిస్తే పెళుసెక్కుతుంది. అందుకే వాయించే వీణకు మళ్లీ మేళం, అంటే మెట్లు, కట్టించక తప్పదు. కొత్త వీణ ఎంచుకునేవారు యాళిని తరవాత చూసుకోవచ్చు. ముందు సారణిని 12వ మెట్టు దగ్గర మీటి, విడి తీగతో పోల్చి వినాలి. ఆపైన మిగిలిన మూడు తీగలనూ అదే మెట్టు మీద మీటి చూడాలి.