పంచమికీ చతుర్థికీ మధ్య జపాన్

వనరులు లేకపోవడం వల్ల జపాన్ యుద్ధానికి దిగింది అనే వాక్యం మన చరిత్ర పాఠాల్లో స్థిరపడిపోయింది. దానితో మా పేచీ మొదట వ్యాకరణానిది. 'వలన' పంచమి, హేతువును చెబుతుంది. 'కొఱకు' చతుర్థి, ప్రయోజనాన్ని చెబుతుంది. వాన వల్ల తడవడంలో మన నిర్ణయమేమీ ఉండదు. గింజల కోసం పొరుగువాడి గాదె మీద పడటం నిర్ణయమే.

కొరత అబద్ధం కాదు. 1901లో పని మొదలుపెట్టిన యవాతా ఉక్కు కర్మాగారానికి చైనాలోని దాయె గనుల ఇనుము కావలసివచ్చింది. నూలు మిల్లులకు మన దేశపు పత్తీ, అమెరికా పత్తీ వెళ్ళేవి. కాని అవి కొనుక్కున్నవి. పట్టు అమ్మి, పత్తి కొని జపాన్ పరిశ్రమ పెరిగింది. పాత్రికేయుడు ఇషిబాషి తాన్‌జాన్ 1921లోనే లెక్క తీశాడు: కొరియా, తైవాన్, క్వాన్‌టుంగ్ మూడింటితో కలిపి జరిగే వ్యాపారం కన్నా ఒక్క అమెరికాతో జరిగేదే ఎక్కువ, కనుక వలసలను వదులుకోవడమే లాభమన్నాడు. (ఈయనే 1956లో ప్రధాని అయ్యాడు.)

సుంకాల గోడలు లేచాక వేరే దారి లేకపోయిందంటారు. తేదీలు చూద్దాం. మంచూరియా ఆక్రమణ 1931 సెప్టెంబరులో మొదలైంది. బ్రిటిష్ సామ్రాజ్యపు ఒట్టావా ఒప్పందాలు 1932 నాటివి. ఇండియా ప్రభుత్వం జపాన్ నూలుబట్టల మీద సుంకాన్ని 75 శాతానికి పెంచింది 1933లో. జపాన్ మిల్లులు మన పత్తిని బహిష్కరించాయి. 1934లో బట్టకూ పత్తికీ కోటాలు కట్టుకుని ఉభయులూ రాజీపడ్డారు. బేరం అప్పటికీ సాధ్యమే.

ఆర్థిక మాంద్యంలో పట్టు ధర కూలి పల్లెలు అల్లాడిన మాట నిజం. సైన్యం మాటకు విలువ పెరగడానికి అదొక కారణం. కాని మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ దిగ్బంధానికి లొంగడం చూసిన సైనికాధికారులు వెతికింది మిల్లులకు పత్తి కాదు, సుదీర్ఘ యుద్ధానికి సొంత బొగ్గు, సొంత ఇనుము. యుద్ధం చేయడానికి చాలని వనరులనే వారు దేశానికి చాలని వనరులన్నారు. సైనిక వ్యయం తగ్గించబోయిన ఆర్థికమంత్రి తకహాషి కొరెకియొను 1936 ఫిబ్రవరి 26న యువ అధికారులు ఇంట్లోనే చంపారు. గత్యంతరమే లేకపోతే అడ్డుచెప్పేవాణ్ణి చంపడం ఎందుకు?

1937 తరువాత చైనా యుద్ధం కొరతను ఇంకా పెంచింది. చమురులో సుమారు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. 1941 జూలైలో దక్షిణ ఇండోచైనాలో కాలుపెట్టగానే ఆ దారి మూసుకుపోయింది. 1942లో సుమత్రా బావులు చిక్కాయి గాని, చమురు మోసే ఓడలను జలాంతర్గాములు ముంచేశాయి. 1945 నాటికి జపాన్ పల్లెల్లో విమానాల ఇంధనం కోసం పైన్ చెట్ల వేళ్ళు తవ్విస్తున్నారు.