రాకెట్టు రోజు వల

ప్రయోగానికి ముందు రాకెట్ నమూనా తిరుమల కొండెక్కుతుంది. మరునాడు పేపర్లో శాస్త్రవేత్తల ఫొటో. తిరుపతి వాళ్లకు రాకెట్టంటే అంతవరకే. నాకూ అంతే, ఒక ఆదివారం వంజరం కోసం అంగడికి వెళ్లేదాకా. "రాకెట్టుంది సార్, పడవలు పోలేదు" అన్నాడు చేపలాయన. పులుసుకని నానబెట్టిన చింతపండు ఆ పూట చారుకు పోయింది.

2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట, వాకాడు మా జిల్లాలో కలిసి, కొండలవాళ్లమైన మాకు సముద్రం దక్కింది. దాని కష్టసుఖాలు మాత్రం మాకింకా కొత్తే.

వాకాడు వైపు ఒక పల్లెలో, రాకెట్టు రోజునే, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన ఇసుకలో కూర్చున్నా. తెగిన కన్ను వెతికి, పాత ముడి విప్పి, కొత్త దారం బిగించడం. నేను ప్రయత్నిస్తే ఒక కన్ను పెద్దదై, పక్కది ముడుచుకుపోయింది. ఆయన నవ్వి, విప్పేశాడు.

"ఒక్క రోజే కదా తాతా?"

"ఒక రోజెక్కడిది నాయనా! సాయంత్రం వేసిన వల తెల్లారి తీయాల. ఈ పొద్దు పోగూడదంటే నిన్న రాత్రీ పోయినట్టే గదా."

చంద్రయాన్-2 గుర్తొచ్చింది. 2019 జులై 15 తెల్లవారుజామున 2:51కి ఎగరాల్సింది, 56 నిమిషాల ముందు ఆగింది. 22న మధ్యాహ్నం 2:43కి ఎగిరింది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ముగిసి అప్పటికి నెలే. ఒక్క ప్రయోగానికి తీరం రెండుసార్లు ఆగాలి. విశాఖలో నౌకాదళపు 2016 ఫ్లీట్ రివ్యూ, 2024 మిలన్ విన్యాసాలప్పుడూ పడవలకు ఇలాంటి కట్టడే.

రాకెట్టు నుంచి విడిపోయిన భాగాలు సముద్రంలోనే పడతాయి కాబట్టి పడవలను ఆపాల్సిందే. కానీ హెచ్చరిక అక్షాంశ రేఖాంశాల్లో వస్తుంది. ఈ పెద్దాయనకు సముద్రం బారల్లో తెలుసు, ఎన్ని బారల లోతున ఏ చేపని. నిషేధ కాలపు సాయాన్ని 2025లో 20 వేలు చేసిన ప్రభుత్వానికి, వాయిదా పడ్డ రోజుకు లెక్క కట్టడం అంత కష్టమా?

దక్షిణాన ఉరిమినట్టయింది. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టుకుని, పొగ గీత సన్నబడేదాకా చూశాడు.

"పోయిందిలే," అని మనవడి వైపు తిరిగాడు. "ఐసుకు ఫోన్ చెయ్యి."