నాలుగో గీత

కరెంటు పోతే మా వీధిలో సంతోషించేవాణ్ని నేనొక్కణ్నే. ఇంటింటా "అబ్బా, మళ్లీ పోయింది" అని వినబడేలోపే బ్యాటరీ రేడియో, హెడ్‌ఫోన్లు, ఒక పెన్సిలు పట్టుకుని డాబా ఎక్కేస్తాను. ఎందుకో చెబితే నవ్వుతారు. కొలంబోలో ఒక పెట్టె మూడు నిమిషాలకోసారి తన పేరు చెప్పుకుని నాలుగు గీతలు కొడుతుంది. వాటిలో నాలుగోది వినాలని నా యావ.

14.100 మెగాహెర్ట్జ్ మీద భూగోళం చుట్టూ ఇలాంటి 18 పెట్టెలకు, అంటే బీకన్లకు, వంతులు వేసి ఉన్నాయి. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి స్టేషన్‌తో మొదలై హవాయి, న్యూజిలాండ్, జపాన్, హాంకాంగ్ మీదుగా కెన్యా, ఫిన్లాండ్, వెనిజులా దాకా ఒక్కొక్కదానికి పది సెకన్లు. గంట కొట్టాక ఒకటిన్నర నిమిషానికి శ్రీలంక వంతు, ఆ తర్వాత ప్రతి మూడు నిమిషాలకీ అదే వరస. ముందు మోర్స్‌లో పేరు, 4ఎస్7బి: డిడిడిడిడా, డిడిడి, డాడాడిడిడి, డాడిడిడి. ఆపైన సెకను పొడవున్న నాలుగు గీతలు. పేరూ మొదటి గీతా 100 వాట్లతో వస్తాయి. రెండో గీతకు 10 వాట్లు, మూడోదానికి 1, నాలుగోదానికి 0.1. టార్చిలైటు బల్బు తాగే కరెంటులో ఏడో వంతు కూడా ఉండని ఆ చివరి గీత సముద్రం దాటి, ఆకాశంలో అయనోస్ఫియర్‌కు తగిలి, మా డాబా మీద రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన రాగితీగ మీద వాలుతుంది. మా నాన్నగారి తరం ఆ లంక నుంచే రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం ముల్లు తిప్పుతూ కూర్చునేది. నాకు పాటలక్కర్లేదు. నాలుగు గీతలు చాలు.

ఈ విద్య అంతా చెవిలోనే ఉంది. కొత్తవాడు చేసే మొదటి తప్పు, వినబడకపోతే వాల్యూమ్ పెంచడం. సిగ్నల్‌తోపాటు రొదా పెరిగి చెవి మొద్దుబారిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్లు గెయిన్ తగ్గిస్తారు. తగ్గించి, తగ్గించి, రొద సన్నటి వాన చప్పుడంత అయ్యాక కళ్లు మూసుకుని ఒకే స్వరం మీద మనసు నిలుపుతారు. తీర్థంలో అన్ని డప్పుల మధ్య తన బిడ్డ ఏడుపు తల్లికి వినబడటం లేదూ, అదే కిటుకు. సాధన చేసిన చెవి సుమారు 50 హెర్ట్జ్ వెడల్పు ఫిల్టర్‌తో సమానమని లెక్క.

రెండో తప్పు ఇంకా ప్రమాదం: వినబడాలని కోరుకున్నది వినబడటం. 1901 డిసెంబరు 12న న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి, అట్లాంటిక్ అవతలి నుంచి మూడు చుక్కలు విన్నానన్నాడు మార్కోనీ. నిజంగా విన్నాడా, విన్నాననుకున్నాడా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. అందుకే నాకొక నియమం. గడియారం మీద రుమాలు కప్పేస్తాను. విన్న గీతల్ని కాగితం మీద పెట్టి, క్షణాల లెక్క తర్వాత సరిచూస్తాను. ఒక సీజనంతా "నాలుగో గీత" అని రాసుకున్నవాటిలో సగం రుమాలు నియమం పెట్టాక మూడో గీతలుగా తేలాయి. సిగ్గుపడ్డాను కానీ నోటుబుక్కులో కొట్టివేతలు అలాగే ఉంచాను.

చెవికి అందనంత లోతుకు పోయినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లది క్యూఆర్‌ఎస్‌ఎస్, మోర్స్‌ను నత్తనడకన పంపే పద్ధతి. ఒక చుక్కకు మూడు సెకన్లు, గీతకు తొమ్మిది. అయిదక్షరాల పేరు పూర్తయ్యేసరికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంత నెమ్మదిగా పంపితే సిగ్నల్ హెర్ట్జులో మూడో వంతులో ఇమిడిపోతుంది. రొద వెడల్పును బట్టి వస్తుంది గనక, మంచి చెవికి వినబడేదానిలో నూటయాభయ్యో వంతు రొదే ఇక్కడ అడ్డం. కాబట్టి వినరు, చూస్తారు. కంప్యూటర్ తెర మీద రొద నీలిరంగు ఇసకలా పరుచుకుంటుంది, అందులోంచి ఒక గీత మెల్లగా పైకి తేలుతుంది. ఇటలీవాళ్లు ఆల్బెర్టో ది బెనె, విట్టోరియో దె తొమాసి ఇందుకోసమే ఆర్గో అనే సాఫ్ట్‌వేర్ రాసిపెట్టారు. వాళ్లకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే!

పంపేవాడి పనితనం చూడండి. 10.140 మెగాహెర్ట్జ్ దగ్గర వీళ్లందరూ సర్దుకునే కిటికీ 100 హెర్ట్జులే. ఫ్రీక్వెన్సీ పదిలక్షల్లో ఒక వంతు జారితే పది హెర్ట్జులు పోయినట్టే. ఆ ఫ్రీక్వెన్సీని నిలబెట్టే క్రిస్టల్‌కు చలి తగలకూడదు, ఎండ తగలకూడదు. థర్మోకోల్ డబ్బాలో పెట్టేవాళ్లు, చిన్న రెసిస్టర్‌తో వెచ్చబెట్టేవాళ్లు, పసిపిల్లను సాకినట్టు సాకుతారు. హాన్స్ సమ్మర్స్, స్టీవ్ ఫార్దింగ్ కలిసి చేసిన కిట్‌లో మామూలు ఎల్‌ఈడీని తిరగేసి పెట్టి, అది వెలిగే పని మాన్పించి, ఫ్రీక్వెన్సీని నాలుగైదు హెర్ట్జులు అటూ ఇటూ జరిపే పని అప్పగించారు. ఎర్ర దీపంతో గీత గీయించడం! ఈ ఊహ వచ్చిన బుర్రకు నేను దాసోహం.

తెర మీద గీత వంగిందంటే అదీ ఒక కబురే. ఎక్కడో ఒక షెడ్డు మీద ఎండ పడింది, క్రిస్టల్ వేడెక్కింది. తెల్లవారుజామున గీత రెండుగా చీలి మసకబారితే ఆకాశంలో పొరలు కదులుతున్నట్టు. మనిషి మాట ఒక్కటీ లేకుండా ఇంత తెలుస్తుంది.

అమెరికాలో ఇంకో తెగ ఉంది, హైఫర్లు. 13.56 మెగాహెర్ట్జ్ మీద లైసెన్సు లేకుండానే బీకన్లు నడుపుతారు. నిబంధనల ప్రకారం వాళ్లకు దక్కేది సుమారు 5 మిల్లీవాట్లు. టీవీ కింద వెలిగే ఎర్రచుక్క ఇంతకన్నా ఎక్కువే తాగుతుంది. మనం మెట్రో గేటుకు కార్డు ఆనించినప్పుడు జరిగే సంభాషణా ఈ ఫ్రీక్వెన్సీ మీదే, కాకపోతే అది నాలుగు వేళ్ల దూరం. వాళ్లు రాష్ట్రాలు దాటి వింటారు.

ఇక విస్పర్ అనే పద్ధతి. నోబెల్ గ్రహీత జో టేలర్ 2008లో వదిలిన మంత్రం. ఆయన జంట పల్సర్‌ను పట్టినవాడు, బలహీనమైన సిగ్నల్ అంటే ఏమిటో ఆయనకన్నా ఎరిగినవాడు లేడు. పేరు, ఊరు, వాట్లు అన్నీ కలిపి 50 బిట్లుగా కుదించి, దాదాపు రెండు నిమిషాలు సాగదీసి, రొద కన్నా 28 డెసిబెల్స్ కింద ఉన్నా పట్టుకునేలా చేశాడు. మహానుభావుడు, కాదనను. కానీ విస్పర్‌లో వినేది ఎవరు? కంప్యూటరే విని, కంప్యూటరే రాసుకుని, పొద్దున లేచేసరికి పట్టిక చేతిలో పెడుతుంది. నిద్రపోయినవాడు విన్నట్టా? నేను చెవి పక్షం, గీత పక్షం. విస్పర్‌వాళ్లు కోప్పడితే పడనివ్వండి.

వాళ్ల మీద నాది అలకే. అసలు మంట ఇంకోచోట ఉంది. ఎక్కడో యూరప్‌లో కొండమీద ఎవరో పెట్టిన రిసీవర్‌ను ఇంటర్నెట్లో తెరిచి, అందులో వినబడ్డ బీకన్‌ను "మా ఊళ్లో విన్నాను" అని రిపోర్టు పంపేవాళ్లున్నారు. పక్కింటి పులుసు తెచ్చి మా ఆవిడ వంట అన్నట్టు! పంపినవాడు పాపం నమ్మి, తన మిల్లీవాట్లు గోదావరి దాటాయని పటంలో సూది గుచ్చుకుంటాడు.

మరి నిజంగా వినేవాడికి మిగిలిందేమిటి? రొద. వంద రూపాయల ఎల్‌ఈడీ బల్బు, ఫిల్టర్ పెట్టకుండా చేసిన చార్జరు, గుర్రుమనే ఇన్వర్టరు, ఇవన్నీ షార్ట్‌వేవ్ నిండా బురద చల్లుతున్నాయి. బల్బు లోపల పది రూపాయల కాయిలు మిగుల్చుకోడానికి ఆకాశాన్నే పాడుచేశారు! నది కలుషితమైతే కనీసం కంపు కొడుతుంది. ఇది పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. మా ఎదురింటి వీధిదీపం మారిన రాత్రి నుంచి 14.100 మీద మూడో గీత కూడా పోయింది. ఫిర్యాదు ఇచ్చాను. "లైటు వెలుగుతోంది కదండీ" అన్నారు.

ఒక్క పని చేయండి. పాత ట్రాన్సిస్టర్ ఉంటే ఎక్కడా స్టేషన్ లేనిచోట ముల్లు పెట్టి, ఇంట్లో ఒక్కో ప్లగ్గు దగ్గరకూ తీసుకెళ్లండి. ఏది గర్రుమంటే దాన్ని పీకేయండి, లేదా దాని తీగను ఫెరైట్ రింగులో నాలుగు చుట్లు చుట్టండి. మా వీధిలో మూడిళ్లవాళ్లు నా పోరు పడలేక ఒప్పుకున్నారు. నాలుగో ఇంటి మేడమీద ఆంటీ, "నీ రేడియో కోసం మా బల్బులు తీయాలా బాబూ?" అంది. తీయలేదు.

మొన్న ఏడు గంటలకు వీధి మొత్తం కరెంటు పోయింది. ఎప్పటిలాగే డాబా ఎక్కాను. రొద ఒక్కసారిగా జారిపోయింది, నూతిలో చేద దిగినట్టు. రుమాలు కప్పాను, కళ్లు మూశాను. పేరు. ఒక గీత. రెండు. మూడు. తర్వాత, ఉందో లేదో అన్నంత సన్నగా, ఇంకోటి. కాగితం మీద పెట్టి రుమాలు తీశాను. ఏడు గంటల పది నిమిషాల ముప్పయ్యో సెకనుకు మొదలైన వంతు అది. ఇంకో మూడు నిమిషాలు ఆగి మళ్లీ వినేలోపు కింద ఎవరో "వచ్చిందిరోయ్" అని కేక పెట్టారు.